విమానానికి శీలం ఉంటుందా?

 

అమెరికాలో వాషింగ్టన్ నగరానికి దగ్గర్లో, మేరీలాండ్ రాష్ట్రంలోని అకోకీక్‌లో 2023 అక్టోబరు 14న బాబాసాహెబ్ విగ్రహాన్ని ఆవిష్కరించిన సంగతి మనకు తెలిసిందే. 19 అడుగుల విగ్రహం. అక్కడ పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న మన తల్లిదండ్రులు వెళ్లినప్పుడు ఆ విగ్రహం ముందు నిలబడి ఫొటో దిగి పంపిస్తుంటారు. ఆ ఫొటో వెనకాలే ఇంకో రకం ఫొటోలు వస్తాయి. నదికి అవతలి వైపు, వర్జీనియాలో డల్లెస్ విమానాశ్రయం పక్కన ఒక పెద్ద విమానాల మ్యూజియం ఉంది. స్మిత్సోనియన్ సంస్థది. 2003 డిసెంబరులో తెరిచారు. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఊరి నుంచి ఎవరొచ్చినా ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్తారు. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు, కారు నిలిపినందుకే డబ్బు కట్టాలి. డిస్కవరీ అంతరిక్ష నౌక ముందు ఒక ఫొటో, కాంకార్డ్ ముందు ఒక ఫొటో.

కొన్ని ఫొటోల్లో వెనకాల వెండిలాగా మెరిసే ఒక పెద్ద పాత విమానం కనిపిస్తుంది. నాలుగు ఇంజన్లు, ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకు 43 మీటర్లు. ముక్కు దగ్గర నల్ల అక్షరాలతో ఒక పేరు. ఎనోలా గే. అది ఒక తల్లి పేరు. నడిపిన పైలట్ పాల్ టిబెట్స్ తన అమ్మ పేరు దానికి పెట్టుకున్నాడు. 1945 ఆగస్టు 6న పసిఫిక్ సముద్రంలోని టినియన్ దీవి నుంచి తెల్లవారుజామున 2.45కి లేచి, ఉదయం 8.15కి హిరోషిమా మీద అణుబాంబు వేసిన విమానం అదే. ఆ సంవత్సరం చివరికి ఆ ఒక్క బాంబు వల్ల చనిపోయినవాళ్లు సుమారు 1,40,000 మంది అని లెక్క.

మనోళ్లలో చాలామంది ఆ పేరు చదవకుండానే వచ్చేస్తారు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు. ఎందుకంటే చదవడానికి అక్కడ పెద్దగా ఏమీ పెట్టలేదు. 2003లో ఆ విమానాన్ని నిలబెట్టినప్పుడు పక్కన రాసిన పలక మీద రెండో ప్రపంచ యుద్ధంలో ప్రొపెల్లర్లతో నడిచే బాంబర్లలో ఇదే అన్నిటికన్నా గొప్పదనీ, సిబ్బంది కూర్చునే గదిలో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు ఉన్న మొదటి బాంబర్ ఇదేననీ రాశారు. యుద్ధంలో వాడిన మొదటి అణ్వాయుధాన్ని హిరోషిమా మీద వేసిందని కూడా రాశారు. కొలతలు రాశారు, బరువు రాశారు. ఎంతమంది చనిపోయారన్నది మాత్రం రాయలేదు. అడిగితే మ్యూజియం వాళ్లు చెప్పిన జవాబు: అన్ని విమానాలకూ ఒకే పద్ధతిలో పలక రాస్తాం, దీనికొక్కదానికి వేరే పద్ధతి పెట్టలేం అని.

ఈ మౌనానికి ఒక కథ ఉంది. 1995 నాటికి యుద్ధం ముగిసి 50 ఏళ్లవుతుందని, ఆ విమానాన్ని చూపిస్తూ పెద్ద ప్రదర్శన పెట్టాలని అదే సంస్థ ముందు అనుకుంది. బాంబు వేయాలన్న నిర్ణయం ఎట్లా జరిగింది, కింద ఏం జరిగింది, తర్వాత అణ్వాయుధాల పోటీ ఎట్లా మొదలైంది, అన్నీ చెప్పాలనుకున్నారు. హిరోషిమా నుంచి ఒక బడిపిల్ల టిఫిన్ డబ్బా తెచ్చి పెట్టాలనుకున్నారు. అందులో అన్నం, బఠాణీలు బొగ్గయి ఉంటాయి. మాజీ సైనికుల సంఘాలు ఒప్పుకోలేదు. మమ్మల్ని హంతకులుగా చూపిస్తున్నారు, జపాన్ సైన్యం చేసిన ఘోరాలు తక్కువ చేస్తున్నారు అన్నారు. పార్లమెంటు సభ్యులు వాళ్ల వైపు నిలబడ్డారు. 1995 జనవరిలో ఆ ప్రదర్శన రద్దయింది, మే నెలలో మ్యూజియం డైరెక్టర్ మార్టిన్ హార్విట్ రాజీనామా చేశాడు. టిఫిన్ డబ్బా రాలేదు. విమానం మాత్రం వచ్చింది. దాన్ని బాగుచేయడానికి అప్పటికి పదేళ్లకు పైగా పని నడిచింది. మొత్తం లెక్కేస్తే సుమారు 3,00,000 గంటల పని పట్టిందంటారు.

మాజీ సైనికుల మాట పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. నాన్‌కింగ్‌లో, కొరియాలో జపాన్ సైన్యం చేసింది చిన్న విషయం కాదు. కానీ ఒక ఘోరం చెప్పాలంటే ఇంకో ఘోరం దాచాలనే లెక్క ఎక్కడిది? రెండూ చెప్పొచ్చు గదా.

ఇక్కడ మన గడ్డ మీదున్న ఒక రాయిని తలుచుకోవాలి. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర్లో ఎర్రగుడి ఉంది. అక్కడ బండల మీద అశోక చక్రవర్తి ధమ్మ శాసనాలు ఉన్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం గురించి. గెలిచిన రాజు చెక్కించిన శాసనం అది. లక్ష మందిని చంపారు, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తీసుకుపోయారు, అంతకు ఎన్నో రెట్ల మంది చచ్చిపోయారు అని తన లెక్క తానే రాయించాడు. రాసి, అందుకు బాధపడుతున్నానని కూడా రాయించాడు. ఎవరూ అడగలేదు. అడిగే పత్రికలు లేవు, ప్రతిపక్షం లేదు. ఆ రాయి చెక్కి సుమారు 2,270 ఏళ్లయింది. అణుయుగంలో, అంత చదువుకున్న దేశంలో, ఒక పలక మీద ఒక అంకె పట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే మనం కూడా సగమే చెప్పినట్టవుతుంది. కళింగ దేశంలోనే ఉన్న ధౌళి, జౌగడ బండల మీద ఆ పదమూడో శాసనం లేదు. దెబ్బ తిన్న జనం ముందు ఆ లెక్క పెట్టలేదు, వాళ్లకోసం వేరే శాసనాలు చెక్కించాడు. అది సిగ్గో, జాలో, రాజకీయమో ఎవరి అభిప్రాయం వాళ్లది. నాకైతే మూడూ కలిసే ఉంటాయనిపిస్తుంది.

సరే, పలక సంగతి అట్లా ఉంచి, విమానం సంగతికి వద్దాం. 2003లో దాన్ని తెరిచిన రోజున హిరోషిమా నుంచి వచ్చిన బాధితులు అక్కడ నిలబడి నిరసన తెలిపారు. ఎర్రరంగు నింపిన సీసా ఒకటి ఎవరో విమానం మీదికి విసిరారు. ఆ కోపం అర్థమవుతుంది. కానీ ఆ రంగు ఎవరి మీద పడాలి? రేకు మీదా?

మ్యూజియంలో ఇంకో విమానం చూడండి. జంకర్స్ 52 అని మూడు ఇంజన్ల జర్మన్ రకం. రేకులు మన ఇళ్ల మీది రేకుల్లాగా ముడతలు ముడతలుగా ఉంటాయి. లుఫ్తాన్సా కంపెనీ రంగులు వేసి, ప్రయాణికుల విమానంగా పెట్టారు. నిజమే, ఆ రకం విమానం వేలాది ప్రయాణికుల్ని మోసింది. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా ఊరి మీద, సంత రోజున, బాంబులు కురిపించిన జర్మన్ దళం వాడింది కూడా ఇదే రకాన్ని. మ్యూజియంలో ఉన్న ఆ విమానాన్ని తయారుచేసింది కూడా స్పెయిన్ కార్ఖానాలోనే.

దాని దగ్గర్నుంచి నాలుగడుగులు వేస్తే బోయింగ్ 307. మనుషులు ఎత్తులో హాయిగా ఊపిరి పీల్చుకునేట్టు గాలి ఒత్తిడి నిలిపే గది ఉన్న మొదటి ప్రయాణికుల విమానం. ఆ విద్యనే అదే కంపెనీ తర్వాత బి-29 బాంబర్‌లో పెట్టింది. ఎనోలా గే ఆ జాతిదే. 1945 మార్చి 9 రాత్రి టోక్యో మీద నిప్పు బాంబులు వేసి, తెల్లారేసరికి సుమారు లక్ష మందిని చంపినవి కూడా ఆ జాతి విమానాలే. యుద్ధం అయ్యాక అదే కంపెనీ 1954లో ఒక జెట్ విమానం తయారుచేసింది. డ్యాష్ 80 అని, పసుపు రంగుది, అదీ ఇక్కడే ఉంది. దాని నుంచి రెండు పిల్లలు పుట్టాయి. ఒకటి యుద్ధ విమానాలకు గాలిలోనే పెట్రోలు పోసే ట్యాంకరు. రెండోది బోయింగ్ 707. మన ఎయిర్ ఇండియా 1960లో కొన్నది అదే.

మన దగ్గరా ఇంతే. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని మోసిన డకోటాలు యుద్ధం అయ్యాక మిగిలిపోతే, కంపెనీలు చవగ్గా కొని ప్రయాణికుల్ని ఎక్కించుకున్నాయి. నిజాం కాలంలో బేగంపేట నుంచి నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలతోనే నడిచింది. 1956 డిసెంబరు 6న బాబాసాహెబ్ పరినిర్వాణం చెందాక ఆయన పార్థివ దేహం ఢిల్లీ నుంచి బొంబాయికి ఆ రాత్రి విమానంలోనే వచ్చింది. ఆ విమానం రాబట్టే మరునాడు లక్షలాది జనం చివరి చూపు చూసుకోగలిగారు.

కాబట్టి రేకుకూ, ఇంజనుకూ శీలం అంటగట్టలేం. అంగులిమాలుడు తథాగతుడి మాట విన్నాక కత్తిని లోయలోకి విసిరేశాడు. తర్వాత ఆ కత్తి ఏమైందో ఎవరికీ పట్టలేదు, ఆ మనిషి ఏమయ్యాడన్నదే కథ. తథాగతుడు కర్మ అన్నది చేతనను. అంటే పని వెనకున్న ఉద్దేశాన్ని. చక్ఖుపాల థేరుడి సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. చూపు లేని భిక్షువు. తెల్లవారుజామున నడుస్తుంటే కాళ్ల కింద పురుగులు పడి చచ్చాయి. మిగతా భిక్షువులు పోయి ఫిర్యాదు చేశారు. ఆయన చంపుతుంటే మీరు చూశారా అని అడిగాడు బుద్ధుడు. లేదన్నారు. మీరు ఆయన్ని చూడనట్టే ఆయన పురుగుల్ని చూడలేదు, చంపాలనే తలంపు లేదు అని చెప్పి పంపించాడు.

విమానం సంగతి తేలింది. ఇక మనుషుల సంగతి.

ఆ రోజు ఎనోలా గేలో 12 మంది ఉన్నారు. టిబెట్స్ 2007లో చనిపోయేదాకా, నా పని నేను చేశాను, దానికి నిద్ర పోగొట్టుకోలేదు అనే ధోరణిలోనే మాట్లాడాడు. తనకు సమాధి రాయి పెట్టొద్దన్నాడు, నిరసనలు చేసేవాళ్లకు చోటు దొరుకుతుందని. పక్క సీట్లో కూర్చున్న రాబర్ట్ లూయిస్, 1955లో ఒక టీవీ కార్యక్రమంలో హిరోషిమా నుంచి వచ్చిన పాస్టర్ తనిమోతో ఎదురుగా నిలబడాల్సి వచ్చినప్పుడు గొంతు పెగల్లేదు. ఇంకొకడున్నాడు, క్లాడ్ ఈథర్లీ. అతను బాంబు వేయలేదు. ముందుగా ఎగిరి హిరోషిమా మీద వాతావరణం ఎట్లా ఉందో చూసి కబురు పంపిన విమానానికి పైలట్. ఆకాశం బాగానే ఉందని చెప్పాడు, అంతే. ఆ తర్వాత అతని బతుకు చెదిరిపోయింది. ఆస్పత్రిలో ఉండి గుంథర్ ఆండర్స్ అనే తత్వవేత్తతో ఉత్తరాలు నడిపాడు, అవి పుస్తకంగా వచ్చాయి. అతని గురించి వాదాలున్నాయి, అవన్నీ మనకొద్దు. చిన్న పని చేసినవాడికి అంత భారం ఎందుకు తగిలింది, పెద్ద పని చేసినవాడికి ఎందుకు తగల్లేదు అన్నది ఆలోచించాలి. భారం తగలడం, తగలకపోవడం తప్పుకు కొలత కాదు. ఏం జరిగిందో చూడ్డానికి కళ్లు తెరవడం, తెరవకపోవడం మీద అది ఆధారపడింది.

విమానంలో 12 మంది సరే, ఆ బాంబు వెనక ఇంకా ఎంతమంది! అందులోని యురేనియంలో ఎక్కువ భాగం తవ్వింది ఆఫ్రికాలో, అప్పటి బెల్జియన్ కాంగోలోని షింకొలోబ్వే గనిలో. నల్ల కూలీలు తవ్వారు. ఎందుకు తవ్వుతున్నారో వాళ్లకు ఎవరు చెప్తారు? దాన్ని శుద్ధి చేసింది అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో. యుద్ధం కోసం రాత్రికి రాత్రి కట్టిన ఊరు అది, సుమారు 75,000 మంది దాకా ఉన్నారు. అప్పుడే బడి చదువు పూర్తయిన ఆడపిల్లలు ఎత్తు స్టూళ్ల మీద కూర్చుని, ముల్లు అటు పోతే ఈ మీట తిప్పాలి, ఇటు పోతే ఆ మీట తిప్పాలి, అదే పని. ఏం తయారవుతుందో తెలియదు, అడగకూడదు. ఆగస్టు 6న రేడియోలో వార్త వచ్చాకే చాలామందికి తెలిసింది. వీళ్లు చక్ఖుపాల థేరుడి లాంటివాళ్లే. తెలియదు కాబట్టి తలంపు లేదు.

కానీ మర్నాడు? ఆగస్టు 7న కూడా అదే స్టూలు మీద కూర్చున్నవాళ్లకు ఇక తెలియదనడానికి లేదు. నాకు చాలా ముఖ్యం అనిపించేది ఈ మర్నాడే.

ఓక్ రిడ్జ్ గురించి ఇంకొకటి మనవాళ్లు తెలుసుకోవాలి. అక్కడ నల్లజాతి కూలీలకు ఊరి బయట ప్లైవుడ్ గుడిసెలు. భార్యాభర్తలైనా సరే, ఆడవాళ్లు ఒక చోట, మగవాళ్లు ఒక చోట. వెలివాడ అంటే ఏంటో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అయినా వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారు? జీతం కోసం. ఆ జీతం కూడా ఊరికే రాలేదు. యుద్ధ సామగ్రి కార్ఖానాల్లో నల్లవాళ్లను పనిలోకి తీసుకోవడం లేదని, రైలు కూలీల సంఘం నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ 1941లో వాషింగ్టన్ మీదికి వేలమందితో నడిచొస్తామని హెచ్చరించాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దిగొచ్చి, 1941 జూన్ 25న 8802 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. రక్షణ పరిశ్రమల్లో జాతి, రంగు చూసి పని నిరాకరించకూడదని. లక్షల కుటుంబాలు పత్తి చేలు వదిలి కార్ఖానాకు పోగలిగింది అందువల్లే. ఒక జాతి విముక్తికి దారి తీసిన ఉద్యోగం, ఇంకో ఊరి చావుకు పనికొచ్చింది. ఈ రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడగలగాలి మనం.

ఎందుకంటే ఇది అమెరికా సంగతి మాత్రమే కాదు. హైదరాబాదు చుట్టూ చూడండి. కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే సంస్థ 1970 నుంచి ఉంది. ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాల కార్ఖానా ఉంది. ప్రభుత్వ సంస్థలు కాబట్టి రిజర్వేషన్ ఉంది. మన వాడల నుంచి మొదటిసారి ఐటీఐ, డిప్లొమా, బీటెక్ చదివిన పిల్లలు ఎంతోమంది అక్కడ నిలదొక్కుకున్నారు. వాళ్ల జీతాలతోనే చెల్లెళ్ల చదువులు, ఇళ్లు, కొన్ని చోట్ల విహారాలు కూడా లేచాయి. ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన కార్ఖానా ఉంది. అక్కడ అపాచీ యుద్ధ హెలికాప్టర్ మొండెం తయారవుతుంది, 737 ప్రయాణికుల విమానం తోక కూడా తయారవుతుంది. ఒకే ప్రహరీ లోపల రెండూ.

ఇలాంటి పనే చేసే ఒక చిన్న కంపెనీలో కొలతలు చూసే తమ్ముడు ఒకడు మా ఆదివారం క్లాసుకు వస్తాడు. ఉపాసకులు చేయకూడని అయిదు వ్యాపారాల గురించి చెప్పుకున్న రోజున ఉండిపోయి అడిగాడు. "అన్నా, ఆయుధాల వ్యాపారం మొదట్లోనే ఉంది గదా. మరి నా జీతం సమ్యక్ ఆజీవనం కిందికి వస్తదా, రాదా? సూటిగా చెప్పు" అన్నాడు.

సూటిగా చెప్పడానికి ముందు ఆ జాబితా గురించి రెండు మాటలు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం, ఈ అయిదింటి వ్యాపారం వద్దన్నాడు తథాగతుడు. ఇది చదివినప్పుడు మనోళ్లలో కొందరికి గుచ్చుకుంటుంది. మాంసం కొట్టేవాళ్లూ, చేపలు పట్టేవాళ్లూ, తోలు పని చేసేవాళ్లూ మనలోనే ఎక్కువ. దీన్ని చూపించి, చూశారా మీ బుద్ధుడే మిమ్మల్ని తప్పు పట్టాడు అనే పెద్దమనుషులు కూడా ఉన్నారు. కులం పనిని కాదు, పనిచేసేవాళ్లను విభజించిందని బాబాసాహెబ్ చెప్పాడు. పుట్టుకతో మెడకు కట్టిన పనికి శీలం లెక్క వేయడం న్యాయం కాదు. ఎంచుకునే వీలు ఉన్నచోటే శీలం ప్రశ్న మొదలవుతుంది. ఎంత వీలుంటే అంత ప్రశ్న.

రెండోది, అక్కడ చెప్పింది వ్యాపారం గురించి. ఎక్కువ ఆయుధాలు అమ్ముడుపోతేనే లాభం వచ్చేవాడికి యుద్ధం కావాలి. నెల జీతానికి కొలతలు చూసేవాడికి యుద్ధం అక్కర్లేదు. ఈ తేడా నిజమైన తేడాయే. కానీ దీని చాటున పూర్తిగా దాక్కోలేం. ఓక్ రిడ్జ్ ఆడపిల్లకు ఆగస్టు 5న ఉన్న వెసులుబాటు మన తమ్ముడికి లేదు. తను కొలిచే ముక్క దేంట్లోకి పోతుందో డ్రాయింగ్ మీదే రాసి ఉంటుంది.

మరి ఆయుధం అనేదే వద్దా? బాబాసాహెబ్ అట్లా అనలేదు. నాజీలు గెలిస్తే ప్రపంచంలో అణగారినవాడికి ఎక్కడా చోటుండదని ఆయనకు తెలుసు. అందుకే ఆ యుద్ధంలో వాళ్లని ఓడించాలన్నాడు. మహార్ రెజిమెంటు కోసం పట్టుబట్టాడు, 1941లో అది ఏర్పడింది. 1942 నుంచి వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశాడు. ధమ్మంలో అహింస గురించి రాసినప్పుడు, నియమం వేరు, సూత్రం వేరు అని విడదీశాడు. నియమం మనిషికి ఆలోచించే పని పెట్టదు. సూత్రం పెడుతుంది. చంపాలనే కోరిక ఒకటి, చంపక తప్పని అవసరం ఒకటి, ఈ రెంటినీ బుద్ధుడు వేరుచేసి చూశాడని ఆయన అర్థం చెప్పాడు. సింహ సేనాపతి బుద్ధుణ్ణి అడిగిన ప్రశ్నల్ని "బుద్ధుడా? కార్ల్ మార్క్సా?" వ్యాసంలో ఎత్తి చూపింది కూడా ఇందుకే. న్యాయం నిలబెట్టడానికి బలం వాడాల్సి రావొచ్చు. కానీ ద్వేషంతో కాదు.

ఈ గీటురాయి మీద హిరోషిమాను పెట్టి చూడండి. బాంబు వేయకపోతే జపాన్ మీదికి దిగాల్సి వచ్చేది, ఇంకా లక్షలమంది చచ్చేవాళ్లు అని ఒక వాదం. జపాన్ అప్పటికే కూలిపోతోంది, రష్యా కూడా యుద్ధంలోకి వస్తోంది, అవసరం లేదు అని ఇంకో వాదం. పండితులు 80 ఏళ్లుగా తేల్చుకోలేదు. కానీ ఆ ఉదయం హిరోషిమా నడివీధుల్లో ఎవరున్నారో తేలిపోయిన సంగతి. బాంబుదాడులకు నిప్పు పాకకుండా ఇళ్లు కూల్చే పనికి తోలుకొచ్చిన వేలాది మంది బడిపిల్లలు. కొరియా నుంచి పట్టుకొచ్చిన కూలీలు. సైనిక శిబిరమూ ఉంది, కానీ గురి పెట్టింది ఊరి నడుమనున్న అయోయి వంతెన మీద. ఒక ఊరిని మొత్తంగా గురి పెట్టినప్పుడు దాన్ని అవసరం అనడానికి నా మనసు ఒప్పుకోదు. ప్రాణాలతో మిగిలినవాళ్లను హిబాకుషా అంటారు. వాళ్లకు తర్వాత సొంత దేశంలోనే పెళ్లి సంబంధాలు దొరకలేదు, ఉద్యోగాల్లో వెనక్కి నెట్టారు. వాళ్లని ముట్టుకుంటే అంటుకుంటుందని భయం. ఆ మాట ఎక్కడో విన్నట్టు లేదూ?

ఇంత చెప్పి జపాన్ బౌద్ధుల సంగతి దాటేస్తే మనమూ ఆ పలక రాసినవాళ్లమే అవుతాం. అదే మ్యూజియంలో ఓకా అనే చిన్న జపాన్ విమానం ఉంది. పేరుకు అర్థం చెర్రీ పువ్వు. ముక్కులో పేలుడు మందు, దిగడానికి చక్రాలే ఉండవు. లోపల కూర్చున్న కుర్రాడు తిరిగి రాడని లెక్క వేసి తయారుచేసిన యంత్రం. అమెరికా నావికులు దాన్ని బాకా, అంటే మూర్ఖుడు అని పిలిచేవాళ్లు. ఆ యుద్ధాన్ని జపాన్‌లోని బౌద్ధ సంప్రదాయాలు చాలావరకు సమర్థించాయి. అనాత్మ అంటే చక్రవర్తి కోసం ప్రాణం వదలడమే అన్నట్టు బోధించిన గురువులున్నారు. ఆయుధాల లోహం కోసం గుడి గంటలు కరిగించారు. సోటో జెన్ సంప్రదాయం 1992లో అందుకు బహిరంగంగా పశ్చాత్తాపం చెప్పింది, అది మెచ్చుకోవాలి. కానీ ధమ్మం పేరు, కాషాయం, పూర్ణిమ పూజ, అన్నీ ఉండి కూడా ఇది జరిగింది. త్రిశరణాలు చెప్పినంత మాత్రాన చేతన శుద్ధం అయిపోదు.

తమ్ముడికి నేను చెప్పింది ఇది. ఈరోజే మానెయ్ అనను. నీ జీతం మీద ఎంతమంది బతుకుతున్నారో నాకు తెలుసు. కానీ సమ్యక్ ఆజీవనమేనని సర్టిఫికెట్టూ ఇవ్వను. ఆ డ్రాయింగ్ మీద ఏం రాసుందో చదువు. అది ఎక్కడికి పోతుందో, ఎవరి మీద వాడుతున్నారో తెలుసుకుంటూ ఉండు. వార్తల్లో ఆ పేరు వచ్చినప్పుడు ఛానల్ మార్చకు. అదే విద్యతో ప్రయాణికుల విమానం పనికి మారే వీలుంటే, జీతం కొంచెం తగ్గినా, దరఖాస్తు పెట్టు. ఫలానా పని మాత్రం నేను చేయను అని ఒక గీత నీ అంతట నువ్వు గీసుకో, ఆ గీత ఇంట్లోవాళ్లకు ముందే చెప్పు. అతను మాట్లాడలేదు. కాసేపాగి, "గీత దాటాల్సి వచ్చిన రోజు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలన్నా?" అన్నాడు.

ఆ ప్రశ్న కొత్తది కాదు. "బుద్ధుడు, ఆయన ధమ్మం"లో బాబాసాహెబ్ రాసిన రోహిణీ నది గొడవ గుర్తు చేసుకోండి. కోలియుల మీద యుద్ధం చేయాలని శాక్య సంఘం తీర్మానిస్తే సిద్ధార్థుడు ఒప్పుకోలేదు. ఓటింగులో ఓడిపోయాడు. సైన్యంలో చేరనన్నాడు. అప్పుడు సేనాపతి బెదిరించింది దేంతోనో చూడండి. కుటుంబాన్ని వెలివేస్తాం, భూములు లాక్కుంటాం అన్నాడు. సిద్ధార్థుడు తనకు ఏ శిక్ష వేసినా సరే అన్నాడు. నా వాళ్లు ఏ తప్పూ చేయలేదు, వాళ్ల బతుకుతెరువు తీయకండి అని సంఘాన్ని అడిగాడు. దేశం వదిలి పరివ్రాజకుడు అవుతానన్నాడు. ఇల్లు గడవాలన్న దిగులు ఆయనకూ ఉంది. ఆయనది రాజకుటుంబం, భూములు మిగిలాయి. మన తమ్ముడికి ఉన్నది ఒక జీతం చీటీ, రెండు గదుల ఇల్లు, దాని మీద బ్యాంకు లోను.

అందుకే ఈ మాట అతనొక్కడికీ చెప్పి వదిలేయడం నాకు నచ్చలేదు. ఒకడు శీలం కోసం ఉద్యోగం వదిలితే ఆ ఇంటికి ఆరు నెలల పాటు విహారం ఏం చేయగలదు? మా విహారంలో ఈ పూర్ణిమకు వందనం అయ్యాక ఇదే చర్చ పెట్టాం. నెలకు ఇంటికి 100 రూపాయలు వేసుకుంటే ఎంతవుతుందో ఒక టీచరమ్మ లెక్క కట్టి తెస్తానంది. రక్షణ సంస్థల్లో పనిచేసేవాళ్లు మాలోనే 9 మంది ఉన్నారు. వాళ్లని ముందుగా మాట్లాడమన్నాం.